ఖాళీ కాటా మీద డెబ్భై కిలోలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఏ సిస్టం మొరాయించినా దాని వెనక ఒక వదులైన వైరో, ఒక బద్ధకపు మనిషో ఉంటారని అనుభవం మీద తెలుసుకున్నవాణ్ణి. రాజమండ్రిలో మా వెనక వీధిలో ఒక ఇంట్లో దెయ్యం ఉందని ఎవరూ దిగకపోతే, నేను వెళ్ళి నా దగ్గర పోగైన పాత మానిటర్లన్నీ అందులో పేర్చుకున్నాను. దెయ్యం ఒక్కదాన్నీ ముట్టలేదు. ముట్టుంటే కాస్త తుక్కు తగ్గేదని మా ఆవిడ ఇప్పటికీ బాధపడుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు ఏ అంకెనైనా కాస్త పెంచి చెప్పే అలవాటుంది. మా ఆవిడ పద్మావతి నేను చెప్పిన ప్రతి అంకెనూ నాలుగుతో భాగించి వింటుంది. నలభై మంది చుట్టాలొస్తున్నారని నేను ఫోన్ చేస్తే ఆవిడ పది మందికే ఎసరు పెడుతుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా అన్నం తక్కువ కాలేదు. కాబట్టి ఇందులో వచ్చే లారీలనూ, నా చెమటనూ, నా తెలివితేటలనూ మీరు కూడా నాలుగుతో భాగించుకోండి. డెబ్భై అనే అంకెను మాత్రం ముట్టుకోకండి. అది చూసింది చూసినట్టు చెబుతున్నాను.

మండపేటలో వెంకటరాయుడు గారనే ఆయనకి మూడు రైసు మిల్లులున్నాయి. ఒకటి మండపేటలో, ఒకటి అనపర్తిలో, ఒకటి రామచంద్రపురంలో. మూడింట్లోనూ కలిపి నలభై మూడు కంప్యూటర్లు. ఇది నిజమైన అంకే, చీటీలు నేనే అంటించాను. నలభై మూడింటికీ నలభై మూడు రోగాలు. ఒకటి దగ్గుతుంది. ఒకటి ఆన్ చేశాక మనం టీ తాగి, పేపరు చదివి, పొలం దున్ని వచ్చేదాకా తెరుచుకోదు. తవుడు గదిలో ఉన్నదైతే కడుపులో అరబస్తా తవుడు దాచుకుంది.

ఒక్కొక్కదానికీ వైద్యం చేయడం మానేసి, ఒక మంచి సిస్టాన్ని తయారుచేద్దామన్నాను. అందులోని ఆపరేటింగ్ సిస్టమూ, మిల్లుకి కావలసిన సాఫ్ట్‌వేర్లూ అన్నీ కలిపి ఒక అచ్చు తీస్తాం. దాన్ని ఇమేజ్ అంటారు. ఆ ఇమేజ్‌ని నెట్‌వర్క్ మీద నలభై మూడింటికీ ఒకేసారి పంపిస్తే, పాతదంతా చెరిగిపోయి అన్నీ ఒక తల్లి పిల్లల్లా లేచి కూర్చుంటాయి.

రాయుడు గారికి ఇది బుర్రకెక్కడానికి బంతి భోజనాల లెక్కలో చెప్పాను.

"విడివిడిగా పెడితే నలభై మూడుసార్లు వడ్డించాలండి. ఇదైతే అందర్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒక్కసారే వడ్డించుకుంటూ పోతాం. అందరూ కూర్చునేదాకా వడ్డన మొదలెట్టం. అందరూ తినేదాకా ఎవర్నీ లేవనివ్వం."

"మధ్యలో కరెంటు పోతేనండి?"

"విస్తట్లోంచి లేచిపోయినట్టేనండి. మళ్ళీ ఉప్పు దగ్గర్నుంచి మొదలు."

ఆయన తృప్తిగా తలూపారు. చిక్కల్లా అచ్చు దేని మీద తీయాలన్న దగ్గరొచ్చింది. అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త సిస్టం మీద, ఏ మనిషి వేలూ పడనిదాని మీద తీయాలన్నది మా వృత్తి నియమం. రాయుడు గారు ససేమిరా అన్నారు.

"కొత్తదాని హస్తవాసి మనకేం తెలుసండి? అబ్బులు గారి సిస్టం మీద తియ్యండి."

విత్తనం చల్లడానికీ, ఆవకాయ కలపడానికీ, చంటిపిల్లకి మొదటి ముద్ద పెట్టడానికీ చెయ్యి మంచిదా కాదా అని చూస్తారు గానీ, కంప్యూటర్‌కి కూడా చూస్తారని నాకు ఆరోజే తెలిసింది.

అబ్బులు గారు మండపేట మిల్లులో ముప్ఫై ఏళ్ళు కాటా చూసిన మనిషి. లారీని లారీగా తూచే కాటా అది. నేలలో ఒక పెద్ద ఇనప వేదిక, పక్కన ఒక గది, గదిలో బరువు చూపించే చిన్న పెట్టె, ఆ పెట్టెలోంచి కంప్యూటర్‌కి ఒక వైరు. ఆయన ఉన్నన్నాళ్ళూ తూకంలో తేడా ఉందని ఏ రైతూ నోరెత్తలేదు. ఆయన సిస్టం కూడా పదేళ్ళలో ఒక్కపూట ఆగలేదు. ఆ ఏడాది వేసవిలో ఒక ఆదివారం ఆయన అన్నం తిని, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాల్చి, ఇక లేవలేదు.

ఆయన స్థానంలోకి వరలక్ష్మి గారొచ్చారు. అంతకుముందు ప్యాకింగ్ సెక్షన్‌లో కంప్యూటర్ చూసేవారు. అబ్బులు గారి దగ్గరే ఏడాదిపాటు కాటా పని నేర్చుకున్నారు. కాటా గదిలో ఆడమనిషి కూర్చోవడం ఆ మిల్లులో అదే మొదలు. రాయుడు గారు ఒకటే మాట చెప్పేశారు. సార్వా పంట కోతలై కొత్త ధాన్యం తూకాలు మొదలయ్యాక మొదటి వారంలో రైతుల నుంచి ఒక్క తేడా మాట వచ్చినా ఆవిడ మళ్ళీ ప్యాకింగ్‌కి వెళ్ళిపోవాలి. ఆ కుర్చీ కోసం రాయుడు గారి బావమరిది తాలూకు మనిషి ఒకాయన చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ సిద్ధంగా ఉన్నాడు.

"మీ కొత్త సిస్టం వల్ల ఏదైనా అయితే పోయేది నా కుర్చీయేనండి. కాస్త చూసి చెయ్యండి" అన్నారావిడ.

"మీ కుర్చీకి నేను హామీ" అన్నాను. పెంచి చెప్పే అలవాటు ఒక్క అంకెలతో పోతే బాగుండేది.

అచ్చు తీసేముందు సిస్టానికి గుండు కొట్టించినట్టు ఒక తంతు ఉంటుంది. దాని పేరూ, గుర్తింపు నంబర్లూ, వాడినవాళ్ళ ఆనవాళ్ళూ అన్నీ తీసేస్తాం. అబ్బులు గారి సిస్టానికి రెండుసార్లు కొట్టించాను. తెర మీది వెంకటేశ్వరస్వామి బొమ్మతో సహా ఏమీ మిగల్చలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆదివారం ఉదయం పది నలభై ఏడుకి ముహూర్తం. సర్వర్‌కి బొట్టు పెట్టారు. పూజారి గారు చల్లే పసుపు నీళ్ళు దాని గాలి కంతల్లో పడకుండా నేను గోల్‌కీపర్‌లా అడ్డం నిలబడ్డాను. నలభై మూడూ బంతిలో కూర్చున్నాయి. తవుడు గది సిస్టం మాత్రం చేతులు కడుక్కుని వచ్చినట్టు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మూడున్నరకల్లా వడ్డన పూర్తయింది. ఒక్కటీ విస్తరి వదిలి లేవలేదు. పులిహోర తిని, నా అంతటివాడు ఉభయ గోదావరి జిల్లాల్లోనూ లేడని నాకు నేనే ఒప్పుకున్నాను.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి మిల్లు ముందు రెండు వందల బళ్ళు నిలబడి ఉన్నాయి. సరే, యాభై. ఖాళీ కాటా సున్నా చూపిస్తేనే మొదటి తూకం మొదలయ్యేటట్టు కొత్త సాఫ్ట్‌వేర్‌లో నియమం పెట్టాం. ఎనిమిదీ పదికి వరలక్ష్మి గారు దణ్ణం పెట్టుకుని తెర వంక చూశారు. దెయ్యాలు రాత్రిపూట వస్తాయంటారు గానీ, ఇక్కడ ఫెళ్ళున ఎండ. వేదిక మీద కాకి కూడా లేదు.

తెర మీద 70 అని ఉంది.

నేను నవ్వాను. పెట్టెకున్న సున్నా బటన్ నొక్కాను. సున్నా అయింది. "ఇంతేనండీ, దీనికే కంగారా?" అన్నాను. సత్తిరాజు గారనే రైతు మొదటి ట్రాక్టర్‌ని స్టార్ట్ చేశారు. ఆయన ఇంకా వేదిక ఎక్కనే లేదు, ఎనిమిదీ ఇరవైకి పెట్టె మీద అంకె మారింది. మైనస్ 70.

ఒక్క క్షణం ఆలోచించండి. ఖాళీ కాటా మైనస్ డెబ్భై చూపిస్తే దానికి అర్థం ఒకటే. నేను సున్నా నొక్కినప్పుడు దాని మీద డెబ్భై కిలోలున్నాయి. ఇప్పుడు దిగిపోయాయి.

సత్తిరాజు గారు కిటికీలోంచి తల పెట్టి చూశారు. "ఏంటండీ, మేం ఎక్కకముందే డెబ్భై కిలోలు తరుగు తీసేశారా?"

వెనక బళ్ళవాళ్ళు ఘొల్లున నవ్వారు. "అబ్బులు గారున్నప్పుడు ఈ వేషాలు లేవండి" అని ఇంకెవరో అందుకున్నారు. వరలక్ష్మి గారు మళ్ళీ సున్నా నొక్కి తూకాలు మొదలుపెట్టారు.

తొమ్మిదింటికి అనపర్తి నుంచి ఫోను. "సార్, ఇక్కడ ఖాళీ కాటా డెబ్భై చూపిస్తోందండి." పదింటికి రామచంద్రపురం నుంచి అదే ఫోను. అప్పుడు నాకు పట్టిన చెమటతో ఒక ఎకరం నాట్లు వేసుకోవచ్చు. అబ్బులు గారి సిస్టంలో ఏదో తేడా ఉంది, నేను దాన్ని అచ్చు తీసి మూడు ఊళ్ళకీ వడ్డించేశాను అనుకున్నాను.

మర్నాడు తెల్లారగానే మొదటి పరీక్ష చేశాను. బరువు చూపించే పెట్టెకీ, కంప్యూటర్‌కీ మధ్యనున్న వైరు పీకేశాను. నా ఇమేజ్ ఉన్నది కంప్యూటర్‌లో. పెట్టెలోకి అది వెళ్ళలేదు, వెళ్ళే దారి కూడా లేదు. ఎనిమిదీ పదికి వైరు లేని పెట్టె తనంతట తాను 70 చూపించింది.

రాజమండ్రి నుంచి కాటా మెకానిక్‌ని పిలిపించాం. ఆయన వేదిక రేకులు లేపి, కింద అంతా టార్చిలైటు వేసి వెతికాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఏడు కప్పలున్నాయండి" అన్నాడు. కాసేపు ఆలోచించి, "డెబ్భై రావాలంటే ఒక్కోటి పది కిలోలుండాలండి. అంత లేవు" అని తేల్చి వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున్నే రెండో పరీక్ష కూడా అయింది. మూడు కాటా గదుల్నీ వీడియో కాల్‌లో కలిపి కూర్చున్నాను. ఎనిమిదీ పదికి మండపేటలో 70. అప్పుడు మిగతా రెండు చోట్లా సున్నా. పది నిమిషాల తర్వాత మండపేట సున్నా. ఎనిమిదీ యాభై అయిదుకి అనపర్తిలో 70, మిగతా రెండూ సున్నా. పదికి పది నిమిషాలుండగా రామచంద్రపురం. ఏ రెండు చోట్లా ఒకేసారి రాలేదు. ఇమేజ్‌లో తప్పుంటే మూడు చోట్లా ఒకేసారి కనపడాలి, రోజంతా ఉండాలి. ఇదేదో ఒక చోట పని చూసుకుని ఇంకో చోటికి బయలుదేరినట్టుంది.

ఈ టైములు కాగితం మీద రాసి వరలక్ష్మి గారికి చూపించాను. ఆవిడ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎన్ని నిమిషాలు పట్టిందో వేళ్ళ మీద లెక్కపెట్టారు.

"ఇది మోపెడ్ టైమండి" అన్నారు.

"ఏంటండీ?"

"అబ్బులు గారు ముప్ఫై దాటి తోలేవారు కాదండి."

అప్పుడు చెప్పారు. అబ్బులు గారు రోజూ ఉదయం ఎనిమిదీ పదికి, మొదటి బండి ఎక్కకముందు, చెప్పులు పక్కన విడిచి తనే కాటా మీద నిలబడేవారట. లోపలున్నవాళ్ళని "ఎంత?" అని అడిగేవారు. "డెబ్భై" అనాలి. "అయితే కాటా నిజమే చెప్తోంది" అనేవారు. లోపలివాళ్ళు "దిగండి" అనేదాకా దిగేవారు కాదు. విసుగొస్తే పది నిమిషాలకి తనే దిగి వచ్చి చివాట్లు పెట్టేవారు. రైతులు దాన్ని చూసే ఆ కాటాని నమ్మేవారు. నెలకోసారి మోపెడ్ మీద అనపర్తి, రామచంద్రపురం వెళ్ళి అక్కడా ఇలాగే ఎక్కి వచ్చేవారు.

ఆ కాటాలు పదేసి కిలోల లెక్కనే చూపిస్తాయి. డెబ్భై అయిదు దాటితే ఎనభై అనేస్తాయి. అందుకని ఆయన పెళ్ళిళ్ళలో కూడా రెండో బూరె ముట్టేవారు కాదట. రైతులు తన బరువుతో కాటాని సరిచూసుకుంటున్నారు కాబట్టి, ఆ బరువు మారడానికి తనకి హక్కు లేదనుకునేవారు.

"మరి ఆయన పోయాక ఈ ఆర్నెల్లలో ఎప్పుడైనా ఇలా డెబ్భై చూపించిందాండీ?" అనడిగాను.

"లేదండి. మీరు బంతి వేశాకేనండి" అన్నారావిడ.

బుధవారం ఉదయం రాయుడు గారి కారు వచ్చి కాటా పక్కనే ఆగింది. అందులోంచి ఇస్త్రీ చొక్కా కూడా దిగింది. ట్రాక్టర్ మీద సత్తిరాజు గారు, ఆయన వెనక నా లెక్కన వందల కొద్దీ బళ్ళు. ఎనిమిదీ పదయింది. పెట్టె మీద 70 వచ్చింది.

"ఇవాళా ఇంతేనా?" అన్నారు రాయుడు గారు. ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకుంది.

నేను సున్నా బటన్ మీద చెయ్యి వేయబోతుంటే వరలక్ష్మి గారు నా చెయ్యి పక్కకి తోసేశారు. లేచి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, ఖాళీ వేదిక వంక చూస్తూ గట్టిగా అన్నారు.

"డెబ్భయ్యండి అబ్బులు గారూ! కాటా నిజమే చెప్తోందండి. ఇంక దిగండి, బళ్ళు ఆగిపోయాయి."

నా కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. 70 ఉన్న చోట 0 వచ్చింది. మధ్యలో అరవై లేదు, యాభై లేదు. మనిషి అడుగు తీసి పక్కన వేసినట్టు ఒక్కసారే.

ఎవరూ నవ్వలేదు. సత్తిరాజు గారు ట్రాక్టర్ దిగి, తుండుగుడ్డ నడుముకి చుట్టుకుని, వేదికని తాకి కళ్ళకద్దుకున్నారు. "ఆయనే చూసుకుంటుంటే ఇంక మాకేంటండి. తూచమ్మా" అన్నారు. రాయుడు గారు ఇస్త్రీ చొక్కా వైపు తిరిగి, "నువ్వు కారెక్కవయ్యా" అన్నారు.

అనపర్తి కాటా ఆయనకి ఫోన్ చేసి ఏమనాలో చెప్పాను. "గట్టిగా అనాలాండీ, మనసులో అనుకుంటే సరిపోతుందాండీ?" అనడిగాడు. గట్టిగానే అనమన్నాను. అన్నాడు. దిగింది. రామచంద్రపురంలోనూ దిగింది.

ఇక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ నాకు వృత్తి గౌరవం ఒకటి ఏడ్చింది. జనవరిలో, తూకాలు పల్చబడ్డాక, అట్టపెట్టెలోంచి తీసిన సరికొత్త సిస్టం మీద ఇంకో ఇమేజ్ తయారుచేసి నలభై మూడింటికీ మళ్ళీ వడ్డించాను. సోమవారం మూడు కాటాలూ సున్నా. మంగళవారం సున్నా. నేను గెలిచానని మా ఆవిడకి చెప్పాను.

గురువారం వరలక్ష్మి గారు ఫోన్ చేశారు. "రైతులు బళ్ళు వెనక్కి తిప్పుకుంటున్నారండి. అబ్బులు గారు రావట్లేదని తెలిసిపోయింది. ఆయనొచ్చాకే తెస్తామంటున్నారు. నా కుర్చీకి హామీ అన్నారు కదండీ, ఆ పాతదే పెట్టెయ్యండి."

రాయుడు గారు కూడా అదే మాటన్నారు. బాగున్న సిస్టాల్ని మళ్ళీ బాగులేకుండా చేయమని పని పురమాయించుకున్న ఇంజనీరు దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆదివారం పాత ఇమేజ్‌నే మళ్ళీ బంతి వేసి వడ్డించాను. సోమవారం ఎనిమిదీ పదికి 70 వచ్చింది. లైనులో ఉన్న రైతులు చప్పట్లు కొట్టారు. ఇమేజ్‌కీ ఆ పెట్టెకీ సంబంధం లేదని వైరు పీకి మరీ నిరూపించినవాణ్ణి నేను. ఆ చప్పట్ల మధ్య ఎక్కడికి పోయి దాక్కోవాలో తెలియలేదు.

తర్వాత రెండో పంట, దాళ్వా ధాన్యం వచ్చింది, ఎండలు ముదిరాయి. వేరే పని మీద నేను మండపేట వెళ్ళిన ఒక ఉదయం, ఎనిమిదీ పదికి పెట్టె మీద 80 వచ్చింది. వరలక్ష్మి గారు కళ్ళు నులుముకున్నారు. నేను నా కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అదే రోజు అనపర్తిలో 80, రామచంద్రపురంలో 80, అవే మోపెడ్ టైములకి.

"ఎనభయ్యండి అబ్బులు గారూ" అన్నారావిడ కిటికీలోంచి, కాస్త మొహమాటంగానే. "చూసుకోవాలండి మరి."

దిగింది. మర్నాడూ ఎనభయ్యే. నాలుగో రోజుకి మళ్ళీ డెబ్భైకి వచ్చింది.

వారం తర్వాత కూరగాయల బజార్లో వరలక్ష్మి గారికి అబ్బులు గారి భార్య కనిపించారట. మొదటిసారి ఎనభై వచ్చిన రోజుకి సరిగ్గా ముందురోజే కపిలేశ్వరపురంలో వాళ్ళింట్లో ఆయన సంవత్సరీకం పెట్టారు. తిథిని బట్టి చేసింది కాబట్టి, ఫలానా రోజని మిల్లులో ఎవరికీ తెలియదు. బతికున్నన్నాళ్ళూ కాటా కోసమని నోరు కట్టుకున్నారు కదా అని, ఆవిడ ఆ రోజు బూరెలు దండిగా వండించారట.

వేదిక కింద బరువు పట్టే లోడ్‌సెల్‌లో తేమ చేరిందన్నారు కొందరు. ఎండకి ఇనుము సాగిందన్నారు. భూమిలో కరెంటు లీకవుతోందన్నారు. అవన్నీ నేనూ ఆలోచించాను. తేమకి తిథులు తెలుస్తాయా? వరలక్ష్మి గారు మాత్రం ఇప్పటికీ అదే కుర్చీలో ఉన్నారు. రోజూ ఉదయం కిటికీ తెరిచి అదే మాట చెబుతున్నారు.

సంవత్సరీకం సంగతి తెలిసిన రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకి మొత్తం చెప్పాను. "ఎంత చూపించిందన్నారూ?" అంది. ఎనభై అన్నాను. నాలుగుతో భాగిస్తుందేమోనని చూశాను. భాగించలేదు. నా విస్తట్లో వేయబోయిన రెండో బూరెని తిరిగి గిన్నెలో పెట్టేసింది.